చేత్తో పట్టుకోకూడని చేతిపెట్టె

మా ఆయన చరిత్రలో భాగమని నాకు తెలిసేసరికి నేను గుత్తివంకాయల్లో కారం కూరుతున్నాను.

తెల్ల కారొకటి వచ్చి మా కర్రీ పాయింటు ముందాగింది. దిగిన పెద్దమనిషి మా బోర్డు వంక చూశారు, చేతిలోని కాగితం వంక చూశారు, మళ్ళీ బోర్డు వంక చూశారు. 'సుభాషిణి కర్రీ పాయింట్, పార్సిళ్ళు మాత్రమే' అని ఉంటుంది దాని మీద.

"పట్టాభి వీడియో గేమ్స్ ఇదేనా అమ్మా?" అన్నారు.

తణుకులో ఆ పేరు ఎవరైనా పలికి చాలా కాలమైంది. మా పెళ్ళయిన కొత్తలో ఈ గదిలో మా ఆయన వీడియో గేమ్ పార్లరు నడిపేవారు. మనిషెత్తు చెక్క పెట్టెలు, వాటిలో తెరలు, రూపాయి బిళ్ళ వేస్తే ఆట. అది మూతపడ్డాక అదే గదిలో నేను పొయ్యి పెట్టాను. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి బ్యాంకు ఉద్యోగినులు, స్కూలు టీచర్లు, గదుల్లో ఉండే బ్రహ్మచారులు క్యారేజీలు పట్టుకుని వస్తారు. మా ఇల్లు గడిచేది ఆ కూరల మీదే. గది మా ఆయన పేరు మీద ఉంది. గదిలో పొయ్యి నాది.

వచ్చినాయన పేరు కోదండపాణి. పురాతన వినోద యంత్రాల పరిరక్షణ మండలికి సభ్య కార్యదర్శి. ఆయన వెనకాలే జుట్టు ముడి వేసుకున్న మనిషి ఒకతను దిగాడు. పేరు అభిజిత్, హోదా అనుభవ శిల్పి. ఎవరి అనుభవం అని అడగబోయి, చేతులకి కారం ఉందని ఊరుకున్నాను.

"నాటి ఆటలన్నీ నేడు అరచేతిలో ఇమిడే పెట్టెల్లో పునర్విడుదల అవుతున్నాయమ్మా" అన్నారు కోదండపాణి, నా ముందు కాక ఒక సభ ముందు నిలబడినట్టు. "ఈ శుభ తరుణంలో మన రాష్ట్రం వెనుకబడరాదనే సదుద్దేశంతో గౌరవ మండలి వారు లక్ష చేతిపెట్టెలు తయారు చేయించి, బడులకు, గ్రంథాలయాలకు, అర్హులైన కుటుంబాలకు పంపిణీ చేయ సంకల్పించారు. అయితే అందులో ఆట నాటి ఆటే కావలెను. అనుభవం నాటి అనుభవమే కావలెను. రాష్ట్రంలో మిగిలియున్న ఏకైక నాటి యంత్రం మీ వారి స్వాధీనంలో ఉన్నట్లు మా సర్వేలో వెల్లడైంది."

నాకు అర్థం కాలేదు. నా దగ్గర కూరలు తరిగే మంగతాయారుకి అర్థమైంది.

"ఏదండీ, పెరట్లో ఉల్లిపాయల బీరువాయా?" అంది.

అదే. తెర పగలకుండా మిగిలిన ఆ ఒక్క పెట్టె పెరటి వసారాలో ఉంది. దాని నెత్తిన ఉల్లిపాయల బుట్ట, పక్కన చింతపండు డబ్బా. అవి దించి, గోనె పట్టా తీసి, దుమ్ము దులిపి కరెంటు పెడితే అది మెదలలేదు. అభిజిత్ మొహం వాడిపోయింది. అంతలో మా ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చి, దాని కుడి చెంప మీద ఫెడీమని ఒకటి కొట్టారు. తెర వెలిగింది. ఆకాశంలోంచి పురుగులు దిగడం మొదలెట్టాయి. కింద ఒక చిన్న తుపాకీ బండి. పురుగులు మన మీద పడకముందే కాల్చేయాలి, అంతే ఆట.

"కొట్టకపోతే రాదా అండీ?" అన్నాడు అభిజిత్, గుడిలో అడిగినట్టు మెల్లిగా.

"ఎందుకొస్తదండీ? మొదట్నించీ అంతే" అన్నారు మా ఆయన. "ఇంకోటండీ, బండి ఎడం పక్కకి పోదు. లోపల వైరేదో ఎలక కొరికేసింది. అందరూ కుడి పక్కనే ఆడేవోరు."

"అది లోపం కాదు సార్" అన్నాడు అభిజిత్ కార్యదర్శి వైపు తిరిగి. "అది వ్యక్తిత్వం."

కోదండపాణి గారు రాసుకున్నారు.

అప్పటికే చేతిపెట్టెలు కొన్ని వేలు తయారై ఉన్నాయట. అరచేతిలో సరిపోయేవి, మీట నొక్కగానే వెలిగేవి, బండి రెండు పక్కలకీ పోయేవి. వాటన్నిటినీ 'అతి సౌకర్య దోషం' కింద వెనక్కి పంపేశారు. ఎడమకి పోవడం మాన్పించడానికి వేరే నిపుణుల్ని పెట్టారు. కుడి చెంప మీద కొడితేనే వెలిగే ఏర్పాటు చేయించారు. ఎంత గట్టిగా కొట్టాలో తేల్చడానికి మా ఆయన చేతిని ఒక ప్రయోగశాలకి తీసుకెళ్ళారు. చేతితో పాటు ఆయన కూడా వెళ్ళారు. తిరిగొచ్చేటప్పటికి భుజాన శాలువా, చేతిలో 'ఆద్య నిర్వాహకుడు' అని రాసిన ఫలకం.

"చూశావా?" అన్నారు నాతో.

"చూశాను. ఆ శాలువా మీద నూనె పడకుండా చూసుకోండి" అన్నాను.

కొత్త చేతిపెట్టె మొదటిది పట్టుకుని అభిజిత్ మళ్ళీ వచ్చాడు. మా ఆయన కుర్చీలో చేరబడి, పెట్టె చెంప మీద కొట్టి, కాలు మీద కాలేసుకుని ఆడుతున్నారు. చూస్తూ చూస్తూ అభిజిత్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమైంది బాబూ?" అన్నాను.

"కూర్చున్నారండీ" అన్నాడు. "ఆ రోజుల్లో కూర్చుని ఆడేవాళ్ళా?"

"కూర్చోడానికి చోటేదండీ? నిలబడ్డానికే ఒకళ్ళ కాలు ఒకళ్ళు తొక్కేవోరు" అన్నారు మా ఆయన.

"మరి చేత్తో పట్టుకుని ఆడేవాళ్ళా?"

"అంత బరువు చేత్తో ఎవడు పడతాడండీ బాబూ!"

ఆ రెండు జవాబులకీ ఒకే ఉత్తర్వు వచ్చింది. 'చేతిపెట్టెను చేతితో పట్టుకొనుట, కూర్చుండి వినియోగించుట అనుభవ విరుద్ధమని ఇందుమూలముగా స్పష్టం చేయడమైనది.' ప్రతి చేతిపెట్టెనీ మనిషెత్తు చెక్క బీరువాలో బిగించి ఇవ్వాలన్నారు. చెక్కకి టెండర్లు పిలిచారు. జేబులో పట్టే ఆట ఇంటికి రావాలంటే ట్రాక్టరు కావలసి వచ్చింది. పక్క మండలంలో ఒక బడివాళ్ళు దాన్ని లోపల పెట్టడానికి ద్వారబంధం ఊడబెరికి, బయటికి వచ్చాక ద్వారబంధం మళ్ళీ పెట్టుకున్నారు. ఇప్పుడది బయటికి రాదు.

"అయ్యా, అడిగానని అనుకోకండి" అన్నాను ఒకరోజు కోదండపాణి గారితో. "ఇంత చేస్తే పాత పెట్టే మళ్ళీ చేసినట్టయింది కదండీ?"

"ఎంత మాత్రం కాదమ్మా" అన్నారు ఆయన ఓర్పుగా. "అది పాత పెట్టె. ఇది చేతిపెట్టె. చేతిపెట్టె లోపల ఉంది."

అంతవరకూ నా జోలికి ఎవరూ రాలేదు. ఊరంతా నవ్వుకుంటుంటే నేనూ నవ్వుకున్నాను. నా నవ్వు ఆగింది మూలస్థలం ఉత్తర్వు వచ్చిన రోజున.

ఏ చేతిపెట్టె అయినా పంపిణీకి వెళ్ళే ముందు అసలు పెట్టె పక్కన నిలబెట్టి, రెండింటి అనుభవమూ ఒకటేనని ధ్రువీకరించాలట. అసలు పెట్టె అసలు చోటులో ఉండాలట. అసలు చోటు మా గది. కూరల వాసన కాలదోషం. ఆ రోజుల్లో గదిలో బీడీ పొగ, చెమట, చెమ్మ పట్టిన గోడ వాసన తప్ప మరొకటి లేదని ఏడుగురు సాక్షులు చెప్పారట. గది ఖాళీ చేయాలి.

"నేను ఒప్పుకోను" అన్నాను.

"గది యజమాని వారి సమ్మతి లభించియున్నది" అన్నారు కోదండపాణి.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన శాలువా అంచు చూసుకుంటున్నారు.

"ఎప్పుడు పెట్టారు సంతకం?"

"మొన్న... సన్మానంలో. అందరూ చప్పట్లు కొడతా ఉంటే పెన్ను ఇచ్చారే. ఆ టైములో చదువుతామా ఏంటి?" అన్నారు. తర్వాత గొంతు పెంచారు. "అయినా ఏం మునిగిపోయింది సుభా? కూరలు ఎక్కడైనా ఉడుకుతాయి. చరిత్ర ఎక్కడంటే అక్కడ ఉడుకుతుందా?"

పొయ్యి రోడ్డు పక్కకి వచ్చింది. పైన టార్పాలిన్ కట్టుకున్నాం. లారీ వెళ్ళినప్పుడల్లా పప్పు గిన్నె మీద మూత పట్టుకుని నిలబడేది మంగతాయారు. గదిలో నా ఎగ్జాస్ట్ ఫ్యాను తీసేసి, చెమ్మ కోసం గోడకి రోజూ నీళ్ళు కొట్టేవారు. బీడీ పొగకి ఒక మనిషిని పెట్టారు.

ఇక పోస్టులు మొదలయ్యాయి.

ఆ రోజుల్లో ఎవరూ ఒంటరిగా ఆడలేదు. ఆడేవాడి వెనక కనీసం ఒకడు నిలబడి "కొట్టు, కొట్టు, కుడికి, అయ్యో" అనేవాడు. ఈ సంగతి బయటపడగానే మండలి వారు 'పృష్ఠస్థిత సలహాదారు' అనే ఉద్యోగం సృష్టించారు. చేతిపెట్టె ఉన్న ప్రతిచోటా ఒకరు. ఆటగాడి వెనక నిలబడాలి, మెడ మీద ఊపిరి తగలాలి, ఓడిపోగానే "నేను చెప్పానా?" అనాలి. అయిదేళ్ళ సర్వీసు పూర్తయితే పదోన్నతి. అప్పుడు ఆటగాడి చెయ్యి పక్కకి తోసి తనే ఆడవచ్చు. మా చెల్లెలి ఊరి బడిలో లెక్కల మాస్టారి పోస్టు మూడేళ్ళుగా ఖాళీ. సలహాదారు పోస్టు ఒక్కరోజూ ఖాళీగా లేదు.

మా మూలస్థలానికి వచ్చిన సలహాదారు పేరు గోవర్ధన్. ఇంజినీరింగు చదివి, పోటీ పరీక్ష రాసి వచ్చాడు. పని లేనప్పుడు టార్పాలిన్ కింద నా వెనక నిలబడి "ఉప్పు, ఉప్పు, చాలు, అయ్యో" అనేవాడు.

"బాబూ, నువ్వెళ్ళి ఆ పురుగుల ఎనకాల నిలబడు" అనేది మంగతాయారు. "కూర ఎనకాల నేనున్నాను."

ఆ తర్వాత తండ్రులు. పార్లరుకి వచ్చిన ప్రతివాడి అనుభవమూ ఒకేలా ముగిసేదని పాత ఆటగాళ్ళు ఏకగ్రీవంగా చెప్పారు. తండ్రి సైకిలు మీద వచ్చి, చెవి మెలిపెట్టి, వీధి చివరి దాకా నడిపించుకుపోయేవాడు. ఇది లేకుండా ఆట పూర్తి కాదని అభిజిత్ తేల్చాడు. 'పితృస్థానీయ అధికారి' నియామకానికి ప్రకటన పడింది. సైకిలు తొక్కడం రావాలి. మీసం తప్పనిసరి. మహిళా అభ్యర్థులకు మీసం నుంచి మినహాయింపు.

బ్యాంకు మేనేజరు పరంజ్యోతి గారు చిన్నప్పుడు ఇక్కడే ఆడారట. పాత రోజులు గుర్తు చేసుకుందామని భార్యని వెంటబెట్టుకుని వచ్చారు. ఒక రౌండు ఆడారో లేదో, గంట మోగించుకుంటూ సైకిలు వచ్చింది. "ఇదేనట్రా ట్యూషను?" అని అధికారి ఆయన చెవి పట్టుకుని బ్యాంకు దాకా నడిపించారు. బ్యాంకులో జనం లేచి నిలబడ్డారు. చెవి వాచిందని ఆయన ఫిర్యాదు చేస్తే జవాబు వచ్చింది: 'తమ అనుభవం విజయవంతమైనందుకు మండలి హర్షం వెలిబుచ్చుచున్నది.'

ఇవన్నీ భరించాను. కరెంటు మాత్రం భరించలేకపోయాను.

"ఆ రోజుల్లో కరెంటు పోయేదా?" అని అడిగాడు అభిజిత్.

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఎన్నాళ్ళుగానో ఎదురు చూస్తున్నట్టు మా ఆయన నిటారుగా కూర్చున్నారు. "పోకేంటండీ! సాయంత్రం ఆరయ్యేసరికి పోయేది. సరిగ్గా వాడు గెలవబోతుంటే పోయేది!"

మర్నాటి నుంచి సాయంత్రం ఆరయ్యేసరికి మా వీధి వీధంతా కరెంటు తీసేశారు. గదికి ఒక్కదానికే తీస్తే కృత్రిమంగా ఉంటుందట. సరిగ్గా నా కూరలకి జనం వచ్చే వేళ. మిక్సీ ఆగింది. ఫ్రిజ్జులో పెరుగు పులిసింది. చీకట్లో బీరకాయ పచ్చడి అనుకుని గోంగూర పట్టుకెళ్ళిన టీచరు గారు మర్నాడు రాలేదు. ఆ మర్నాడు బ్రహ్మచారులు రాలేదు. మెయిన్ రోడ్డులో లైట్లున్న కొట్టుకి వెళ్ళిపోయారు. వండినది మిగలడం మొదలైంది. కూర మిగలడమంటే ఏమిటో వండేవాళ్ళకి తెలుస్తుంది. ఇంకొన్ని వారాలు ఇలా సాగితే పొయ్యి ఆర్పుకోవడమేనని నాకు తెలిసిపోయింది.

చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నా గదిలోకి నేనే అనుమతి తీసుకుని వెళ్ళాను.

"అయ్యా, నా గది నాకెప్పుడిస్తారు?"

"మూలస్థలంలో చరిత్ర నడుచుచున్నంత కాలం అప్పగింతకు నిబంధనలు అనుమతించవమ్మా" అన్నారు కోదండపాణి.

"నడవడమేమిటండీ! అది ఎప్పుడో ఆగిపోయింది. ఆగిపోబట్టే కదా నేను కూరలు పెట్టుకున్నాను?"

ఆయన పెన్ను ఆగింది. అభిజిత్ తలెత్తాడు. గోవర్ధన్ నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ఆగిపోయిందా?" అన్నారు కోదండపాణి. "ఎట్లు?"

ఇన్నాళ్ళలో ఆ మాట అడిగిన వాళ్ళు లేరు. చెప్పాను. ఇళ్ళలో టీవీకి తగిలించుకునే చిన్న గేములు వచ్చాయి. జనం రావడం మానేశారు. మా ఆయన ఖాళీ గదిలో కూర్చుని తనే బిళ్ళ వేసి, తనే ఆడి, సాయంత్రం తన బిళ్ళ తనే తీసుకునేవారు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. ఒకరోజు ఆయన బయటికి వెళ్ళినప్పుడు నేను పెట్టెలన్నీ రోడ్డు మీదకి తోయించి, గదిలో పొయ్యి వెలిగించాను.

"ముగింపు!" అన్నాడు అభిజిత్. నిలబడిపోయాడు. "సార్, మన లక్ష పెట్టెల్లో ఆట ఉంది. ముగింపు లేదు!"

కోదండపాణి గారికి చెమట పట్టింది. ముగింపు లేని చరిత్రని పంపిణీ చేస్తున్నందుకు ఆయన నొచ్చుకున్నారు. అప్పటికప్పుడు నిర్ణయం జరిగింది. ముగింపు ఘట్టాన్ని జరిగింది జరిగినట్టు మళ్ళీ జరిపించాలి. దాని బొమ్మ ప్రతి చేతిపెట్టెలోనూ ఆట చివర కనిపించాలి. ఘట్టం పూర్తయ్యాక గది పొయ్యిదే కాబట్టి, నియమం ప్రకారం పొయ్యి యజమానురాలికి అప్పగించాలి. ఆ చివరి వాక్యం నేను దగ్గరుండి రాయించుకున్నాను.

"ఆ తర్వాత తమరేం చేశారు?" అని కోదండపాణి గారు మా ఆయనని అడగడం తలుపవతల నుంచి నాకు వినిపించింది.

"నాకు పౌరుషం జాస్తండి" అన్నారు మా ఆయన. "అలిగాను. గుమ్మంలో కూర్చున్నాను. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆఖరికి మా ఆవిడ వచ్చి, గడ్డం పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని బతిమాలితే, సర్లే పాపం ఆడది అని లేచానండి."

చారులో గరిటె వదిలేశాను.

ముగింపు ఘట్టానికి షామియానా వేశారు. బ్యాండు మేళం పెట్టారు. నేను అసలు పెట్టెనీ, ధ్రువీకరణకి వచ్చిన చేతిపెట్టెల్నీ బయటికి తోయించాను. ఫోటోలు సరిగ్గా రాలేదంటే లోపలికి తోయించి మళ్ళీ బయటికి తోయించాను. పొయ్యి వెలిగించాను. జనం చప్పట్లు కొట్టారు. మా ఆయన శాలువాతో గుమ్మంలో స్టూలు మీద కూర్చుని అలిగారు. ఆ అలక బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు.

"సరేనండీ, తాళాలివ్వండి" అన్నాను.

"ఇంకా ఎక్కడమ్మా? అలక తీరనిదే ఘట్టం సమాప్తం కాదు" అన్నారు కోదండపాణి. "ఇప్పుడు తమరు వెళ్ళి వారి గడ్డం పట్టుకొనవలెను."

"నేను పట్టుకోలేదండీ ఆ రోజు."

"పట్టుకున్నట్లు వాంగ్మూలం ఉన్నది."

"నాది లేదు కదా?"

ఆయన ఇబ్బందిగా కాగితాలు తిరగేశారు. రెండు వాంగ్మూలాలు కలిసేదాకా అలక కొనసాగాలనీ, అలిగిన వ్యక్తి ఆహారం ముట్టరాదనీ తీర్మానించారు. అలక పర్యవేక్షణ అదనపు బాధ్యత కింద గోవర్ధన్‌కి ఇచ్చారు. అతను స్టూలు వెనక నిలబడ్డాడు.

మంగతాయారు నా చెవి దగ్గరికి వచ్చింది. "పట్టేసుకోండమ్మా. గడ్డమే గదా! గది వచ్చేత్తది."

నిజమే అనిపించింది. ఒక్క నిమిషం పని. చేతులు కడుక్కుని గుమ్మం వైపు వెళ్ళాను కూడా. దారిలో అభిజిత్ ఉత్సాహంగా తన ట్యాబ్ తెర నాకు చూపించాడు. ముగింపు బొమ్మ సిద్ధమైపోయింది. అందులో ఒక ఆడమనిషి మోకాళ్ళ మీద కూర్చుని, జుట్టు విరబోసుకుని, ఒక మగవాడి గడ్డం పట్టుకుని ఏడుస్తోంది. మగవాడికి శాలువా ఉంది. కింద 'ఆట ముగిసింది' అని అక్షరాలు. ఇదే బొమ్మ లక్ష పెట్టెల్లో. ప్రతి బడిలో, ప్రతి గ్రంథాలయంలో, ఎవరు ఎప్పుడు ఓడిపోయినా నేను ఏడుస్తూ ఉంటాను.

వెనక్కి తిరిగి టార్పాలిన్ కిందికి వచ్చి బెండకాయలు తరగడం మొదలెట్టాను.

పొద్దున్న టిఫిను వేళ దాటింది. మధ్యాహ్న భోజనాల వేళ దాటింది. మా ఆయన మొహంలో మొదట నటించిన అలక పోయి అసలు అలక వచ్చింది. తర్వాత అది కూడా పోయి ఉత్త ఆకలి మిగిలింది. ఎవరో జాలిపడి ఒక గారె అందించబోతే గోవర్ధన్ దాన్ని స్వాధీనం చేసుకుని, నిబంధన ప్రకారం నాశనం చేశాడు. నములుతూ "ఓర్చుకోండి, ఓర్చుకోండి, అయ్యో" అన్నాడు.

ఆయన నన్ను సైగ చేసి పిలిచారు.

"సుభా, ఒక్కసారి పట్టుకోవే. మనలో మనకేంటి?"

"మనలో మనకైతే పట్టుకుందునండీ. లక్ష పెట్టెల్లో పట్టుకోలేను."

"గది పోద్దే."

"గది మీ సంతకంతో పోయింది. నా గడ్డంతో... మీ గడ్డంతో తెమ్మంటే ఎలాగండీ?"

"ఆ వచ్చినోళ్ళందరి ముందూ అబద్ధమాడానని చెప్పమంటావా? ఊళ్ళో ఎలా తిరగను?"

"నేను ఏడ్చానని చెప్పినప్పుడు నేను తిరగాలని గుర్తు రాలేదా?"

నేను వెళ్ళి పొయ్యి మీద మూకుడు పెట్టాను. వేడి నూనెలో ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిర్చి వేశాను, కరివేపాకు వేశాను, వెల్లుల్లి చితక్కొట్టి వేశాను. ఇది కావాలని చేసింది కాదు. బెండకాయ వేపుడికి పోపు ఎవరైనా అలాగే పెడతారు. గాలి గుమ్మం వైపు వీస్తే ఆ తప్పు నాది కాదు.

స్టూలు కిందపడిన చప్పుడైంది.

"రాసుకోండయ్యా!" అన్నారు మా ఆయన. శాలువా జారిపోయి కాళ్ళకి చుట్టుకుంది. "ఆవిడ బతిమాలలేదు. గడ్డం పట్టుకోలేదు. నా వంక చూడను కూడా లేదు, పనిలో ఉంది. ఆకలి వేస్తే నేనే లేచి లోపలికెళ్ళాను. కంచం కూడా నేనే తీసుకున్నాను."

బ్యాండు మేళం వాళ్ళు కూడా వింటున్నారు.

"అయితే తమ పూర్వ వాంగ్మూలం?" అన్నారు కోదండపాణి.

"అబద్ధమండి."

"పూర్తిగానా, పాక్షికముగానా?"

ఆయన కాళ్ళకి చుట్టుకున్న శాలువా విడిపించుకున్నారు. "గడ్డం దగ్గర్నుంచి అబద్ధమండి. ఆకలి నిజం."

అభిజిత్ అప్పటికే తెర మీద నన్ను చెరిపేస్తున్నాడు. మోకాళ్ళు పోయాయి, జుట్టు పోయింది. వాటి చోట వంటింటి గుమ్మంలో ఖాళీ కంచం పట్టుకుని నిలబడ్డ మగవాడు వచ్చాడు. "ఇది ఇంకా బాగుంది సార్. దీనిలో విశ్వజనీనత ఉంది" అన్నాడు. కోదండపాణి గారు సంతకం చేసి, ముద్ర వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టారు. నేను దాన్ని బొడ్డులో దోపుకున్నాను. అది చల్లగా తగిలింది.

మంగతాయారు టార్పాలిన్ తాళ్ళు విప్పుతోంది. మా ఆయన కంచం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. నేను గరిటె ఎత్తాను.

"ఒక్క క్షణం" అన్నారు కోదండపాణి. "భోజన దృశ్యం కూడా చిత్రీకరించవలసి యున్నది. లోపలికి వెళ్ళి తమరు పలికిన మొదటి మాట ఏది?"

"'ఏం కూర' అన్నానండి" అన్నారు మా ఆయన కంచం వైపే చూస్తూ.

"ఏం కూర?"

"బీరకాయ శనగపప్పు" అనేశారు మా ఆయన. అనేశాక నా మూకుడు వైపు చూశారు. కోదండపాణి గారు కూడా చూశారు. మూకుట్లో బెండకాయ వేపుడు ఉంది.

గోవర్ధన్ మెల్లిగా ముందుకు వచ్చి, ఆయన చేతిలోంచి కంచం తీసుకున్నాడు.

నేను పొయ్యి తగ్గించి, సంచి తీసుకుని బజారుకి బయల్దేరాను. బీరకాయ లేతదై ఉండాలి, చేదు ఉండకూడదు, గోరు గుచ్చితే దిగాలి. మొదటి కొట్లో ముదురువి ఉన్నాయి. రెండో కొట్లో బాగానే ఉన్నాయి గాని, మూడోది కూడా చూద్దామనిపించింది.